పరహేజ్ అంటే పథ్యమే అనుకున్న రోజులు

మొన్న శంకర్ నగర్‌లో డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని నేను ఫక్కున నవ్వాను. నవ్వే చోటూ కాదు, నవ్వే వయసూ కాదు. ఈశ్వర్‌కి పాత మాత్ర తీసేసి కొత్తది రాస్తూ ఆ పిల్ల డాక్టరు, "కోయీ పరహేజ్ నహీ అంకల్, సబ్ కుఛ్ ఖాయియే" అంది. పథ్యం ఏమీ లేదు, అన్నీ తినండి అని. అంతే, నాకు నవ్వు ఆగలేదు. ఈశ్వర్ బల్ల కింద నా కాలు తొక్కాడు గాని, తొక్కినవాడి మీసం కూడా అదురుతూనే ఉంది. పాపం ఆ అమ్మాయి ఓసారి నన్నూ ఓసారి అతన్నీ చూసి, తను రాసిన చీటీ మళ్ళీ చదువుకుంది. తప్పేమైనా రాశానేమో అనుకుని ఉంటుంది. తప్పు ఆమెది కాదు. ఆ మాట చెవిన పడితే మా ఇద్దరికీ వంకాయ గుర్తొస్తుంది. వంకాయ వెనకాలే మా నానమ్మ, ఆవిడ కుంపటి, ఇరవైల్లో ఉండగా మేమిద్దరం ప్రాణం మీదికి తెచ్చుకున్న వైనం, అన్నీ వరసగా వచ్చేస్తాయి.

మాది శ్రీకాకుళం వైపు. తాత రైల్వేలో గాంగ్‌మన్‌గా వచ్చాడు, నాన్న వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు, అలా రాయపూర్ రైల్వే కాలనీలో పాతుకుపోయాం. క్వార్టరులో గ్యాస్ పొయ్యి ఉన్నా, నానమ్మ వెనక వరండాలో బొగ్గుల కుంపటి మానలేదు. మామూలు వంట అమ్మది, పథ్యం వంట నానమ్మది. కాలనీలో ఏ తెలుగింట్లో ఎవరు మంచం పట్టినా ఆవిడ కుంపటి రాజుకునేది. వాము వేగుతున్న వాసన, శొంఠి దంచిన ఘాటు, మిరియాల చారు పొంగి నిప్పుల మీద చిందినప్పటి చిటచిట, ఇవి లేకుండా నాకు ఆ ఇల్లు గుర్తు రాదు. జ్వరమైతే జావ, కామెర్లయితే చప్పిడి కూడు, పురుడైతే బాలింతకి కాయం ముద్ద. వద్దన్నవాటి జాబితా మాత్రం ఏ రోగానికైనా ఒకటే: వంకాయ, గోంగూర, గుమ్మడికాయ, ఎండుచేప, ఆవకాయ. "లంఖణం పరమౌషధం అన్నారు. లంఖణం సెయ్యలేనోడు పథ్యమైనా సెయ్యాల. మందు డాక్టరిస్తాడు, రోగం నాను తగ్గిస్తాను" అనేది. పథ్యం తప్పినవాడిని దొంగని చూసినట్టు చూసేది.

ఆ ఇంట్లో మా తెలుగు కూడా ఒక తీరుగా ఉండేది. "సబ్జీ అయిపోనాది, ఖానా తినీసి డ్యూటీకి బేగి ఎల్లు" అంటే అందరికీ తెలిసిపోయేది, ఏ ముక్క ఏ భాషదో ఎవరూ అడిగేవారు కాదు. ఒకసారి నాన్నకి కడుపులో పుండు పడితే రైల్వే డాక్టరు పరహేజ్ చెయ్యమన్నాడు. కారం, పులుపు మానమని ఆయన ఉద్దేశం. ఆ రోజు నుంచీ మా ఇంట్లో పరహేజ్ అంటే పథ్యం. దానికి ఇంకో అర్థం ఉండొచ్చని హిందీ బడిలో చదువుకున్న నాకే తోచలేదు. బడిలో నేర్చిన మాటలకి నిఘంటువు ఉంటుంది, ఇంట్లో నేర్చిన మాటకి అమ్మా నానమ్మలే కదా నిఘంటువు.

డిగ్రీ మధ్యలో వదిలేసి నేను పండరీ బట్టల మార్కెట్లో ఒక హోల్‌సేల్ చీరల కొట్లో పనికి చేరాను. రోజంతా చీరలు పరచడం, మడవడం. ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మకి చీర కొనడానికి ఒకడొచ్చి, హోల్‌సేల్‌లో ఒక్క చీర అమ్మరంటే గుమ్మంలోనే నిలబడి, "ఒక్క సీరకి ఇంత బెట్టేటిరా బాబూ" అని తనలో తను గొణుక్కున్నాడు. ఆ యాస విని నా ప్రాణం లేచొచ్చింది. అతనే ఈశ్వర్. ఊరు బొబ్బిలి దగ్గర, రాయపూర్ పొలిమేరలో ఫ్యాక్టరీలుండే ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డరు, నాకన్నా రెండేళ్ళు పెద్ద. షావుకారు కళ్ళు కప్పి ఒక్క చీర ఇప్పించాను. ఆ చీర పుణ్యాన ఆదివారాలు మొదలయ్యాయి. ఆ ఆదివారాలు ఎలా ప్రేమగా మారాయో చెప్పమంటే చెప్పలేను, మారాయి. అతను వస్తాడంటే ఉదయం నుంచీ నాకు కాలు నిలిచేది కాదు. అతను మా ఇంటికొచ్చి తినేవాడు, నేను అతని గదికి వెళ్ళేవాణ్ణి. నానమ్మకి వాడంటే మహా ఇష్టం. "ఈసరు తింటే సూడ్డానికి ముచ్చటగా ఉంటాది, మావోడు తింటే కోడి కెలికినట్టుంటాది" అని నా ముందే అనేది. ఆ రోజుల్లో చట్టం లెక్కన మేమిద్దరం నేరస్థులం. మా ఇంటి తెలుగులోనైతే మాకు పేరే లేదు. పేరు లేనిదాన్ని ఎవరూ తిట్టలేరు కదా అని మేము నవ్వుకునేవాళ్ళం.

నిరోధ్ గురించి మాకు తెలీక కాదు. ఆసుపత్రి గోడల మీద అమ్మా నాన్నా ఇద్దరు పిల్లల బొమ్మ, పక్కన ఆ పేరు చూస్తూనే పెరిగాం. అది పిల్లలు వద్దనుకునేవాళ్ళకి. ఎయిడ్స్ బోర్డులూ చూశాం. వాటి మీద లారీ, లారీ పక్కన ఒక ఆడమనిషి. మేము లారీ ఎక్కలేదు, ఆడవాళ్ళ జోలికి పోలేదు. "మనకేటి, పిల్లలు పుడతారేటి?" అని ఈశ్వర్ అంటే నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. రైలు పట్టాల పక్క గోడలన్నిటి మీదా గుప్తరోగాల వైద్యుల ప్రకటనలుండేవి. అవి చదివి కూడా నవ్వేవాళ్ళం. మా ఇద్దరి లాంటివాళ్ళని ఉద్దేశించి ఏ గోడ మీదా ఒక్క ముక్క లేదు. లేదు కాబట్టి మాకు భయం కూడా లేదనుకున్నాం.

ఒక చలికాలం ఈశ్వర్‌కి మర్మస్థానంలో చిన్న పుండు లేచింది. నొప్పి లేదు, దానంతటదే మానిపోయింది. మానిపోయిందని సంబరపడ్డాం. కొన్ని వారాలకి అరచేతుల్లో, అరికాళ్ళలో ఎర్రటి మచ్చలు తేలాయి. వెల్డింగు నిప్పురవ్వలు అనుకున్నాడు కొన్నాళ్ళు. చివరికి ఉర్లా సందులో ఒక డాక్టరు దగ్గరికెళితే, ఆయన చేతులు చూసి, మొహం గోడవైపు తిప్పుకుని, తుంటికి సూది పొడిచి, "కుఛ్ మహీనే పరహేజ్ రఖ్‌నా" అన్నాడట. ఎవరితో, ఎందుకు, ఎలా, ఒక్క మాట లేదు. పేరైనా చెప్పలేదు ఆ జబ్బుకి. ఈశ్వర్ నాతో వచ్చి, "కొన్ని నెలలు పథ్యం ఉండమన్నాడ్రా" అన్నాడు. నేను తిన్నగా నానమ్మ దగ్గరికెళ్ళి, ఈశ్వర్‌కి వేడి చేసి ఒళ్ళంతా పేలింది, పథ్యం పెట్టాలని చెప్పాను. ఆవిడకి కావలసిందీ అదే. కుంపటి రాజుకుంది. పెసరకట్టు, పొట్లకాయ, మిరియాల చారు క్యారేజీలో సర్ది రోజూ నా చేతికిచ్చేది. వాడొక్కడే చప్పిడి తింటే బాగుండదని నేనూ అదే తిన్నాను. ప్రపంచంలో ఇంత నిష్ఠగా పథ్యం చేసిన ప్రేమికులు ఇంకెవరూ ఉండరు. వంకాయ మొహం చూడలేదు. ఒకరినొకరు మాత్రం మానలేదు. మానాలని మాకెవరు చెప్పారు గనక?

మచ్చలు ఈసారి నా చేతుల్లో తేలాయి. నానమ్మ నా అరచెయ్యి వెలుగులో పెట్టి చూసి, "పథ్యం తప్పినారేటిరా?" అంది. నేను ఒట్టేశాను. ఈశ్వర్‌ని పిలిపించింది. వాడు తలొంచుకుని, షెడ్డు క్యాంటీనులో ఒక్క ఆవకాయ బద్ద నాకానని ఒప్పుకున్నాడు. "అదీ సంగతి! నువ్వు నాకితే ఈడికెలగొచ్చిందిరా?" అని ఆవిడ అడిగింది. ఆ ఇంట్లో ఆ రోజు అందరికన్నా సరైన ప్రశ్న అదే. దాని జవాబు నిజంగా మాకూ తెలీదు. నేను మనసులో ఆవకాయనే తిట్టుకున్నాను.

ఆ సందు డాక్టరు దగ్గరికి నేను వెళ్ళనన్నాను. ఇద్దరం పెద్దాసుపత్రికి, చర్మరోగాల విభాగానికి వెళ్ళాం. అక్కణ్ణుంచి ఒక చిన్న గదిలోకి పంపారు. కౌన్సెలర్ అంటే ఏమిటో నాకప్పుడే తెలిసింది. కళ్ళజోడు పెట్టుకున్న నడివయసాయన. ఈశ్వర్ సూది గురించి చెప్పగానే, "పరహేజ్ కియా?" అని అడిగాడు. నేను ఛాతీ విరుచుకుని, "పూరా కియా సర్. బైంగన్ తక్ నహీ ఖాయా" అన్నాను. వంకాయ కూడా ముట్టలేదు సార్ అని. ఆయన నా మొహం చూశాడు. వేళాకోళం కాదని అర్థమైంది. నవ్వు తన్నుకొచ్చి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే నవ్వు ఆపేశాడు. లేచి తలుపు గొళ్ళెం పెట్టి వచ్చి, "మీరిద్దరూ కలిసి ఉంటారా?" అని అడిగాడు. కోపం లేకుండా, వెటకారం లేకుండా, ఏ ఊరు మీది అన్నంత మామూలుగా. ఈశ్వర్‌కి కళ్ళనీళ్ళొచ్చేశాయి. జీవితంలో మమ్మల్ని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే.

ఆయన హిందీలో చెప్పింది నా మాటల్లో చెబుతాను. ఈ జబ్బు సిఫిలిస్. సూదితో పూర్తిగా తగ్గుతుంది, కాని ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరగాలి, లేకపోతే ఒకరికి తగ్గింది ఇంకొకరి నుంచి మళ్ళీ వస్తుంది. తగ్గేదాకా కలవకూడదు, పరహేజ్ అంటే అదీ. తగ్గాక ప్రతిసారీ కొత్త కండోమ్ వాడాలి. రోగానికి ఆడా మగా తెలీదు. మగవాళ్ళిద్దరి మధ్య ఇంకా జాగ్రత్త కావాలి, లోపలి పొర పల్చన, తేలిగ్గా గీరుకుపోతుంది, ఆ గీతే రోగానికి గుమ్మం. "నూనె వాడతారా?" అని అడిగాడు. మా ఇళ్ళలో కొబ్బరినూనె వాడని పనేముంది? అవునన్నాం. నూనె తగిలితే ఆ రబ్బరు చిరిగిపోతుంది, నీళ్ళతో చేసిన జెల్లీ వాడాలని సొరుగులోంచి తీసి చూపించాడు. ఇవన్నీ తెలుసుకోవడం ఇంత సులువా, ఎవరైనా గొంతు విప్పి చెబితే చాలా, అని నాకు కోపమొచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చివర్లో, ఇలాంటి పుండున్నప్పుడు హెచ్‌ఐవి తేలిగ్గా సోకుతుంది, ఆ పరీక్ష కూడా చేయించుకోండి అన్నాడు. చేయించుకున్నాం. నాది నెగెటివ్ వచ్చింది. మూడు నెలలాగి చేసినా నెగెటివే. ఈశ్వర్‌ది పాజిటివ్. ఎప్పుడు, ఎవరి దగ్గర్నుంచి అని తవ్వుకోవద్దు, ముందు మందు సంగతి చూడండి అన్నాడాయన.

ఈశ్వర్ మందు సంగతి చూడలేదు. నా సంగతీ చూడటం మానేశాడు. ఉర్లా గది తలుపు వెనక నుంచే, "ఇప్పుడు తెలిసింది కదా పరహేజంటే? నువ్వు నాకు దూరంగా ఉండు. ఎల్లిపో" అన్నాడు. అప్పటికి సర్కారు మందులు ఉచితంగా ఇస్తోంది. కాని ఇంటి మనిషినొకర్ని వెంటబెట్టుకుని రావాలి. రోజూ తప్పకుండా మింగించే పూచీ ఎవరిదో వాళ్ళకి తెలియాలి. బొబ్బిలిలో అమ్మకి చెప్పడం కన్నా చావడం మేలని వాడి లెక్క. పనికి వెళ్ళడం మానేశాడు. నేను వెళ్ళినప్పుడల్లా తలుపు తెరుచుకోకపోవడం, లోపల దగ్గు వినపడటం, అంతే. వాడు బతుకుతాడా పోతాడా అన్నది ఆ తలుపు మీద ఉంది, నాకేమో తెరిపించడం చేతకావడం లేదు. పండరీలో చీర మడత పెడుతూ పెడుతూ మడత మధ్యలో మరిచిపోయేవాణ్ణి.

నానమ్మే అడిగింది. "ఈసరు రాటం లేదేటిరా?" బియ్యం చెరుగుతోంది. పెద్ద జబ్బని చెప్పాను. "అంటేదా?" "కలిసి తింటే అంటదు. ముట్టుకుంటే అంటదు. ఒక గ్లాసులో తాగినా అంటదు." "మరెలాగంటాది?" "పక్కలో" అన్నాను. చేట ఆగింది. ఆవిడ నా అరచేతుల వైపు చూసింది, మచ్చలు పోయి చాలా రోజులైనా. "నీకుందా?" అంది. లేదన్నాను. చేట మళ్ళీ ఆడింది. మర్నాడు పొద్దున్నే మడత చీర కట్టుకుని, క్యారేజీ సర్దుకుని, "ఆటో పిలు, ఉర్లా ఎల్దాం" అంది.

నా గొంతుకి తెరుచుకోని తలుపు "ఒరే ఈసరా" అన్న ఒక్క కేకకి తెరుచుకుంది. వాడు సగమైపోయి ఉన్నాడు. ఆ గదిలో ఫ్యాక్టరీల నల్లపొడి చాప మీద, కుండ మీద, అన్నిటి మీదా పేరుకుంది. నానమ్మ కొంగుతో చాప దులిపి కూర్చోబోతే, వాడు గోడకి ఒదిగిపోతూ, "దూరంగా కూకోండి నానమ్మా" అన్నాడు. "దూరమెందుకురా? పక్కన పడుకుంటే కదేటి అంటాది? నాను కూకోడానికొచ్చినాను" అంది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. వాడికి మాత్రం నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు అది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు. ఆవిడ క్యారేజీ విప్పింది. అన్నం, గుత్తివంకాయ కూర. నేను నోరు తెరిచాను. "మావోడు సెప్పినాడు, ఆ మందుకి పథ్యం లేదంట. పథ్యం లేని మందూ ఒక మందేనేటి? ఏదోటి, ఆళ్ళిష్టం" అని ముద్ద కలిపింది. కలుపుతూ, "తిండికి పథ్యముంటాది గాని మనుసులకి పథ్యమేటిరా? ఈడొస్తే తలుపేసీడమేటి?" అని వాణ్ణి కేకలేసింది. వాడు తిన్నాడు. నేనూ తిన్నాను. ఆ కూర రుచి చెప్పడం నావల్ల కాదు.

ఇప్పటి పిల్లలకి ఇవన్నీ ఏనాటి కబుర్లో. కండోమూ జెల్లీ ఫోనులో నొక్కితే ఇంటికొస్తున్నాయి. జబ్బు రాకుండా ముందే వేసుకునే మాత్ర కూడా ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఈశ్వర్ రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గిపోయి చాలా ఏళ్ళయింది. మందు తప్పకుండా అలాగే ఉన్నంతకాలం అతన్నుంచి నాకు అంటుకోదని ఆవిడ ఎంత తేలిగ్గా చెప్పిందో. ఆ ఒక్క వాక్యం వినడానికి మేము సగం జీవితం ఆగాం. ఇన్నేళ్ళూ కండోమ్ మానకుండా, ఏడాదికోసారి పరీక్ష మానకుండా ఆగాం. మిగతా సుఖవ్యాధులకి ఈశ్వర్ మందు అడ్డుపడదు కాబట్టి ఇప్పటికీ రెండూ మానలేదు. అయినా ఇప్పటి కుర్రాళ్ళు కూడా సిగ్గుపడి, ఆలస్యంగా వస్తూనే ఉన్నారట. అది విని నా మనసు కలుక్కుమంది. మందులు ఎంత మారినా, గోడవైపు మొహం తిప్పుకునే డాక్టరు ఏదో సందులో ఇంకా ఉండే ఉంటాడు.

ఆ గుత్తివంకాయ తిన్న మర్నాడు పెద్దాసుపత్రికి ముగ్గురం వెళ్ళాం. బల్ల దగ్గర కూర్చున్న సిస్టరు ఇంటి నుంచి ఎవరొచ్చారని అడిగింది. నేను ముందుకెళ్ళి, "దోస్త్ హూఁ" అన్నాను. "దోస్త్ నహీ చలేగా. ఘర్ కా కోయీ చాహియే" అంది. స్నేహితులు పనికిరారు, ఇంటివాళ్ళు కావాలి. వెనకాల వరసలో జనం తోస్తున్నారు. ఈశ్వర్ నా చెయ్యి వదిలించుకుని, పోదాం పద అన్నట్టు గుమ్మం వైపు తిరిగాడు. తిరిగితే మళ్ళీ రాడని నాకు తెలుసు. "ఏటంటంది?" అని నానమ్మ అడిగింది. చెప్పాను. ఆవిడ నన్ను పక్కకి నెట్టి, బల్ల మీద అరచెయ్యి ఆనించి, తన హిందీలో, అందరికీ వినపడేలా, "ఏ హమారా ఘర్ కా హై. హమారా సూరి కా ఆద్మీ హై" అంది.

సూరి అంటే నేను. ‘మా సూరిగాడి మనిషి’ అని తెలుగులో అనుకుని, ముక్కకి ముక్క హిందీలో పెట్టేసిందని మా ఇంట్లో అందరూ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. రాయపూర్‌లో ఏ ఆడమనిషైనా నా ఆద్మీ అందంటే, నా మొగుడు అని. సిస్టరు కలం ఆపి నానమ్మని చూసింది, నన్ను చూసింది, గుమ్మం దగ్గర ఆగిపోయిన ఈశ్వర్‌ని చూసింది. "అచ్ఛా అమ్మా, బైఠియే" అని కుర్చీ చూపించింది. నానమ్మకి హిందీ రాదని మావాళ్ళంటారు. పెళ్ళైనప్పటి నుంచీ ఆ ఊరి ఆడవాళ్ళతో కుళాయి దగ్గర నిలబడి వాళ్ళ వాళ్ళ ఆద్మీల మీద చాడీలు విని, తన ఆద్మీ మీద చెప్పి వచ్చిన మనిషికి ఆ మాట తెలీదంటే నేను నమ్మను.